అశ్వహృదయము

వేములవాడ రాజరాజేశ్వరునకు కోడె మ్రొక్కు తీర్చుకొనుట మన ప్రాంతపు వారందఱెఱిగిన యాచారము. బోయినపల్లి నుండియు, సిరిసిల్ల నుండియు, కోరుట్ల నుండియు కుటుంబసమేతముగ వచ్చిన భక్తుడు కోడెను పట్టుకొని గుడి చుట్టు ప్రదక్షిణము చేయించి, దానిని కట్టివేసి, కృతార్థుడనైతినని తలంచి మఱలి పోవును. పసిపిల్లలు సైతము ఆ కోడె మూపుపై చేయి వేయుటకు జంకరు. అది కొమ్ము వంచినప్పుడు తొలగవలెననియు, గంగడోలు నిమిరినచో నెమ్మదించుననియు వారికెవ్వరును పాఠము చెప్పలేదు. ఎద్దుతోడి సహవాసము మనకు ఉగ్గుపాలతో నబ్బినది. అదే గుఱ్ఱమును చూపి, ఇది యిప్పుడేమి తలంచుచున్నదో చెప్పుమన్నచో మనలో పెద్దలును నోరు మెదపలేరు.

గుఱ్ఱము మనకు క్రొత్త జంతువు కాదు. వేదకాలము నుండియు మన వాఙ్మయమున దాని గిట్టల చప్పుడు వినబడుచునే యున్నది. అయినను చరిత్రను తఱచి చూచినచో, మనవారు గుఱ్ఱమును కొనిరి, పూజించిరి, దానిపై నెక్కి యుద్ధము చేసిరి, గుడిగోడలపై చెక్కించిరి. దానితో కలిసి బ్రతికినవారు మాత్రము మిక్కిలి కొలదిమంది. ఆ కొలదిమంది మాటలు గ్రంథములకెక్కలేదు. ఇందువలన గుఱ్ఱములకును మనకును కలిగిన నష్టమెట్టిదో యిచట కొంత విచారింప దలచితిమి.

బోయినపల్లికి పొరుగున గంగాధర యను గ్రామము కలదు. జినవల్లభుడు కందపద్యములు చెక్కించిన కురిక్యాల బొమ్మలగుట్టయు నీ చెంతనే యున్నది. సోమదేవసూరి యను జైనపండితుడు తన యశస్తిలకచంపువును క్రీ.శ. 959లో గంగాధర యందు ముగించినట్లు చెప్పుకొనెను. ఆ గంగాధర యిదియే యని చరిత్రకారులలో పలువురి మతము. అప్పుడీ సీమను వేములవాడ చాళుక్యులు ఏలుచుండిరి. 966 నాటి పర్భణీ శాసనమువలన సోమదేవునకు వేములవాడలోని జినాలయము నిమిత్తము దానమొసగబడినట్లు తెలియుచున్నది. ఆ చంపువు కథ విచిత్రమైనది. యశోధరుడను రాజు తల్లి పోరు పడలేక, ప్రాణముగల కోడిని చంపనొల్లక, పిండితో చేసిన కోడిని బలి యిచ్చును. ఆ మాత్రపు సంకల్పమునకే తల్లియు కొడుకును పెక్కు జన్మములు పశుపక్ష్యాదులై పుట్టి బాధపడుదురు; రాజు నెమలి యగును, రాజమాత కుక్క యగును. మనుష్యుని జంతువు చర్మములో దూర్చి, లోనుండి లోకమును చూపించిన గ్రంథమొకటి మన మానేటి సీమలో వేయేండ్ల క్రిందట పుట్టినదన్నమాట.

ఇట్టి కరుణ గలవాడును గుఱ్ఱము మాట వచ్చినప్పుడు రాజు కన్నులతోనే చూచెను. ఆయన నీతివాక్యామృతమున అశ్వబలము సేనకు కదలాడు ప్రాకారమని భావించి, మేలుజాతుల పేళ్ళు లెక్కించెను. శిక్షణము లేని యేనుగులు ధనమును ప్రాణమును హరించునవే యని యేనుగుల విషయమున నెఱిగి పలికెను. గుఱ్ఱము దేనికి బెదరును, దేనికి నమ్మునను ప్రశ్న మాత్రము ఆయనకు పుట్టలేదు. తప్పు ఆయనది కాదు. గుఱ్ఱము సముద్రముపై వచ్చెడి సరకు. సరకు మనసు నెవడు విచారించును?

సరకు మాట యట్లే కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి శాసనమునను కానవచ్చును. 1244లో వేయించిన యా అభయశాసనమున, పూర్వరాజులు గాలివానకు చెడి యొడ్డున బడిన యోడలనుండి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగునవి బలాత్కారముగ గైకొనుచుండిరనియు, తాను కరుణతో ఆ పని మానితిననియు రాజు ప్రకటించెను. బంగారమును రత్నములును అలలకు చావవు. వాని నడుమ నిలిచిన గుఱ్ఱము మాత్రము దినముల తరబడి యోడలో నిలువుకాళ్ళపై వచ్చినది.

ఒడ్డు చేరిన తరువాతి గతి యింకను విచారింపదగినది. 13వ శతాబ్ది చివర పాండ్యదేశమునకు వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, ఆ దేశపు రాజులు ఒక్కొక్కరు ఏటేట రెండువేలకు మించి గుఱ్ఱములను హోర్ముజు, ఏడెను మొదలగు రేవులనుండి కొందురనియు, ఏడు తిరుగునప్పటికి వానిలో నూఱును మిగులవనియు వ్రాసెను. గుఱ్ఱపువైద్యులు ఆ దేశమున లేరనియు, వారు రాకుండ వర్తకులే యడ్డుపడుదురనియు నాతడు చెప్పెను. చచ్చిన కొలది బేరము పెరుగును గదా! వండిన మాంసమును అన్నమును కలిపి గుఱ్ఱములకు పెట్టుదురని విని యాతడు విస్తుపోయెను. ఇంచుమించుగ ఆ కాలముననే పారసీక చరిత్రకారుడు వస్సాపు వేఱొక చిత్రమును వ్రాసి యుంచెను. పచ్చి యవలకు మాఱుగ వేయించిన యవలు, నేతితో వండిన ధాన్యము, త్రాగుటకు కాచిన యావుపాలు. బలియుటకై నలువది దినములు సాలలో త్రాళ్ళతోను మేకులతోను కదలకుండ కట్టివేయుట. పిదప శిక్షణము లేకయే యెక్కి పరుగెత్తించుట. కొలది కాలములోనే అవి చెడిపోవుచుండెను.

ఈ రెండు కథనములు చదివిన విదేశీయులు మనవారిని క్రూరులందురు. మాకట్లు తోచదు. నేయి, పాలు, అన్నము: ఇవి శత్రువునకు పెట్టెడి వస్తువులా? ఇంటికి వచ్చిన క్రొత్త యల్లుని మేపినట్లు మనవారు గుఱ్ఱమును మేపిరి. కాలు క్రింద పెట్టనీయక, కదలనీయక, పండుగ భోజనము పెట్టి ప్రేమతో చంపిరి. మనకు మంచిదైనది దానికిని మంచిదే యనుకొనిరి. అది మనవంటిది కాదని యడిగి తెలిసికొనలేదు. ఇట్టి యాదరమునకు గుఱియై నశించినవి లోకమున గుఱ్ఱములు మాత్రమే కావు గాని, ఆ ప్రసంగమిచట పెట్టుకొనము.

గుఱ్ఱపు శరీరమెట్టిదో చూడుడు. దాని దేహమును బట్టి చూడగా కడుపు మిక్కిలి చిన్నది. పచ్చికబయళ్ళలో మందగా తిరుగుచు, దినములో పెక్కు గంటలు కొంచెము కొంచెముగ గడ్డి కొఱుకుచు బ్రతుకుటకు సృష్టింపబడిన జంతువది. ఒక్కసారి బరువైన ధాన్యము పెట్టినచో దానికి కడుపునొప్పి పుట్టును, గిట్టలలో వాపు పుట్టును. మఱియొక చిక్కు: గుఱ్ఱమునకు వాంతి రాదు. మనము తిన్నది పడకున్న కక్కి బ్రతుకుదుము. గుఱ్ఱము లోపలనే కుములును. మన దక్కనులో వాడుకయైన యుడికించిన యులవలు కొలతతో పెట్టిన దానికి సరిపడును. ఇంగ్లీషువారు ఉలవలకు గుఱ్ఱపుపప్పనియే పేరు పెట్టిరి. మన యిండ్లలో లొట్టలు వేయుచు త్రాగెడి యులవచారు ఆ పశువుల దాణా యుడికించిన నీటి ప్రసాదమే.

శరీరము కంటె మనసు ముఖ్యమైనది. గుఱ్ఱము వేటాడెడి జంతువు కాదు, వేటాడబడెడి జంతువు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండి దాదాపు చుట్టునంతను చూచును. వెన్నుకు సరిగా వెనుకను, నొసటికి సరిగా ముందు మిక్కిలి దగ్గఱను మాత్రము దానికేమియు కానరాదు. కనుకనే చెప్పక వెనుకనుండి వచ్చినవానిని అది తన్నును; తిన్నగా నెదురుగ వచ్చి నొసటిపై చేయి పెట్టినవానిని చూచి తల యెత్తి వెనుకకు జరుగును. చూచువారు దీనిని పొగరందురు. అది పొగరు కాదు, భయము. నిలిచియే కునుకుట దానికి చేతనగును గాని గాఢనిద్రకు పండుకొనవలసినదే. తోడు నిలిచి కావలి కాయువారు లేనిచో అది పండుకొనుటకు సాహసింపదు. మందలో పుట్టిన ప్రాణిని ఒంటిగా నలువది దినములు త్రాళ్ళతో బంధించినచో దాని మనసేమగునో మనమే యూహింపవచ్చును.

అయితే మార్కోపోలో తీర్పును మేము పూర్తిగ నొప్పుకొనజాలము. ఆ చావులన్నియు మనవారి యజ్ఞానముననే జరిగెననుట న్యాయము కాదు. 1880లో పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖానులో గ్రిఫితు ఇవాన్సు అను పశువైద్యుడు, సుర్రా యను వ్యాధితో కృశించుచున్న గుఱ్ఱముల యొంటెల రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు ఈదులాడుచున్న సూక్ష్మజీవిని కనుగొనెను. జోరీగలు కుట్టుటచే నా జీవి ఒక పశువునుండి మఱియొక పశువునకు ప్రాకును. వానలు కురిసి యీగలు ముసరెడి మన దేశమునకు, పొడి యెడారినుండి దిగిన గుఱ్ఱము ఎంత సుకుమారమో దీనివలన తెలియును. ఇట నెంత గొప్ప గుఱ్ఱమునకైనను వంకరకాళ్ళ పిల్లయే పుట్టునని పోలో చెప్పినదియు నతిశయోక్తియే. దక్కనులోనే భీమానదీ లోయయందు పెరిగిన పొట్టి గుఱ్ఱములు మహారాష్ట్ర రౌతులను కొండలెక్కించి దింపినవి.

విజయనగరపు కాలమునకు వచ్చునప్పటికి గుఱ్ఱము వెల యింకను పెరిగినది. పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు న్యూనిజు వ్రాసిన చరిత్రలో ఒక ముచ్చట మమ్మెప్పుడును కలచుచుండును. సాళువ నరసింహుడు గుఱ్ఱములను బ్రతికినవైనను చచ్చినవైనను మూడింటికి వేయి పర్దావుల వంతున కొనుచుండెనట. సముద్రములో చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను, బ్రతికిన గుఱ్ఱమునకు వలెనే సొమ్ము చెల్లించుచుండెనట. వర్తకులు మఱియొక రేవునకు పోకుండ చేసిన రాజనీతి యిది. దానిలోని యుక్తిని మెచ్చుకొనవలసినదే. కాని భాండాగారపు లెక్కలో తోకకును గుఱ్ఱమునకును భేదము లేని దినమొకటి వచ్చెనని తలచినచో మనసు చివుక్కుమనును.

ఇంత వెల పెట్టి కొనునప్పుడు పరీక్ష యెట్లు చేసిరి? సంస్కృతమున శాలిహోత్రుని పేర వెలసిన అశ్వశాస్త్రము కలదు. అందు వైద్యమును గూర్చి నిజముగ గొప్ప విషయములున్నవి. తెనుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఈ లక్షణగ్రంథముల సంప్రదాయమున వన్నె, మచ్చలు, ముఖ్యముగ సుడులు ప్రధానములు. ఈ చోట సుడియున్న రాజ్యలాభము, ఆ చోటనున్న యజమానికి కీడు. పెద్దగుఱ్ఱముల కాలము గడచినను సుడుల కాలము గడవలేదు. ఓర్పును తెలివియు గల గుఱ్ఱము సుడి దోషముచే సగము వెలకు పోవుటయు, ముంగోపి రౌతు చేతిలో చెడి కఱచుట నేర్చినది శుభలక్షణముతో పెండ్లికి పోవుటయు నేటికిని కలదు. కన్యకు జాతకము చూచి గుణము చూడని మన యలవాటు లాయములోనికిని ప్రవేశించినది! వెండ్రుక తిరిగిన దిక్కును చూచినంత శ్రద్ధతో చెవి తిరిగిన దిక్కును చూచియుండినచో మనకెంత యో తెలిసియుండెడిది. గుఱ్ఱము చెవి యెటు తిరిగిన దాని మనసటు తిరిగినదన్నమాట. రెండు చెవులును వెనుకకు అదిమినచో కోపమో నొప్పియో కలదు. క్రింది పెదవి వ్రేలాడి, ఒక వెనుకకాలు సడలించి నిలిచినచో అది నిశ్చింతగ నున్నది.

మన పెద్దలకీ జ్ఞానము బొత్తిగ లేదనుటయు తగదు. భారతములోని నలోపాఖ్యానమునకు ప్రాణమే అశ్వహృదయమను విద్య. బాహుకుడై సారథి వేషముననున్న నలుడు ఋతుపర్ణుని కొఱకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱినప్పుడు రాజు శంకించెను. ఆ బక్క గుఱ్ఱములే రథమును ఎగిరించుకొని పోయినవి. మేము తఱచుగ తలచుకొనునది దాని తరువాతి ఘట్టము. రథము విదర్భ చేరునప్పుడు ఆ చప్పుడు విని దమయంతి భర్తను గుర్తించుట యందఱును చదివినదే. అదే సమయమున, అదివఱకే యచటికి చేరియున్న నలుని పాత గుఱ్ఱములును ఆ ధ్వనిని విని, యజమాని యెదుట నున్నప్పటి వలె సంతోషించినవని సంస్కృతభారతమున కలదు. దమయంతి కింకను సందేహముండెను, పరీక్షలు పెట్టవలసి వచ్చెను. గుఱ్ఱములకు సందేహము లేదు. ఆ పద్యములు వ్రాసినవాడు ఏనాడో లాయమున కూర్చుండి చూచినవాడే కావలెను. ఎఱిగిన మనిషి గొంతును గుఱ్ఱము ఆ మనిషి రూపముతో జతపఱచుకొనునని ఇటీవల ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయము వారు పరీక్షించి చూపిరి.

ఆ విద్య తరువాత నేమైనది? కాకతీయుల నాడు ఏనుగులను గుఱ్ఱములను పాలించు నధికారికి సాహిణి యని పేరు. గంగయ సాహిణి మొదలగు కాయస్థ ప్రభువులు అశ్వబలము వలననే పైకివచ్చిరి. గణపతిదేవుని గజసాహిణియైన జాయప సేనాని గొప్ప పండితుడు; గ్రంథము వ్రాయగల చేయియు, ఏనుగును నిమిరిన చేయియు ఒక్కటైన యరుదైన పురుషుడు. ఆయన వ్రాసినది నృత్తరత్నావళి! నాట్యమునకది మహాభాగ్యము, మూగజీవుల వంతు వచ్చునప్పటికి తాళపత్రములు మిగులలేదు కాబోలు. సాహిణి క్రింద పనిచేసి, పేడ యెత్తి, మాలీసు చేసి, రాత్రులు గుఱ్ఱముతో పండుకొన్న వానికి అక్షరములు నేర్పినవారు లేరు. అక్షరములు వచ్చినవాడు లాయము వాసనకు ముక్కు మూసికొనెను. విద్య రెండుగ చీలి, సుడులు గ్రంథమునకును చెవులు గుఱ్ఱపువానికిని దక్కినవి.

గ్రీసు దేశమున నిట్లు జరుగలేదు. క్రీ.పూ. 4వ శతాబ్దిలో సెనోఫోను అను సేనాని, తానే గుఱ్ఱములను మచ్చిక చేసినవాడగుటచే, అశ్వారోహణమును గూర్చి గ్రంథము వ్రాసెను. కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదనియు, అది బెదరిన వస్తువును కొట్టి చూపక మెల్లగ పరిచయము చేయవలెననియు నందు బోధించెను. ఇక మా కత్యంతాశ్చర్యము గొలిపినది బెర్లినులోని హాన్సు అను గుఱ్ఱము కథ. వాన్ ఓస్టెను అను ఉపాధ్యాయుడు దానికి లెక్కలు నేర్పితిననెను. కూడిక చెప్పిన గిట్టతో నేలను కొట్టి సరియైన యుత్తరమిచ్చుచుండెను. 1904లో పండితుల సంఘము పరీక్షించి మోసమేమియు లేదనెను. 1907లో ఆస్కారు పుంగ్‌స్టు రహస్యము కనుగొనెను. అడిగినవానికి ఉత్తరము తెలియనిచో గుఱ్ఱమునకును తెలియదు. సరియైన సంఖ్య రాగానే అడిగినవాని తల ఱెప్పపాటు కదలుచుండెను. తనకే తెలియని యా కదలికను గుఱ్ఱము చూచి నిలుచుచుండెను. లోకము నవ్వి, గుఱ్ఱమునకు లెక్కలు రావని తీర్మానించి పోయెను. నవ్వవలసిన విషయమా యిది? నలుగురు పండితులు కూర్చుండి చూడలేని మనుష్యుని మనసును అది చూచినది! 2016లో ససెక్సు పరిశోధకులే కోపముఖపు ఛాయాపటమును చూపగా గుఱ్ఱముల గుండె వేగము హెచ్చెనని తెలిపిరి. మనము దానిని చదువలేదు గాని అది మనలను చదువుచునే యున్నది.

నిజాము నాటి రౌతుసేనల మాట విడిచి జట్కా మాటకు వత్తము, అది సామాన్యులది. రైలు దిగినవానిని ఊరు చేర్చినది జట్కాయే. దాని గుఱ్ఱమునకు కన్నుల కిరుప్రక్కల గంతలు కట్టుటకు కారణము, ప్రక్కచూపును తగ్గించుటయే. బండివాడు చబుకు కొయ్యను చక్రపు టాకులలో పెట్టి టకటక మనిపించినప్పుడు పిల్లలు నవ్వుచుండిరి. గంతలచే కనరాని వెనుకతట్టున ఏదో తఱుముకొని వచ్చుచున్నదని గుఱ్ఱము పరుగెత్తెడిది. బండివాడును బీదవాడు, దానికి పెట్టకున్న తనకును పూట గడవదని యెఱిగియు నలుగురెక్కవలసిన చోట ఏడుగురను ఎక్కించినది మనమే. పశుహింసా నివారణమునకు బ్రిటిషిండియాలో 1890లోను, స్వతంత్రభారతమున 1960లోను చట్టములు వచ్చినవి. మోటారు మాత్రము చట్టముల కంటె ముందుగ జట్కాగుఱ్ఱమును విడిపించినది.

ఇప్పుడు మన పల్లెలలో గుఱ్ఱము కానవచ్చునది పెండ్లి యూరేగింపుననే. గుఱ్ఱమెక్కుట దొరతనపు చిహ్నమగుటచేతనే గదా, రాజస్థానమునను గుజరాతునను దళితవరులను గుఱ్ఱము మీదినుండి దింపివేసిన ఘటనలు మా కాలమునను జరుగుచున్నవి. జంతువునకు మాత్రము వరుని కులము తెలియదు, బరువు తెలియును, చేతి వణకు తెలియును. బోయినపల్లి ప్రాంతమున ఒక పెండ్లిలో గుఱ్ఱమును తెచ్చిన వృద్ధుని మేము పలుకరించితిమి. తెల్లని గుఱ్ఱము, అద్దాల జూలు, మెడలో పూసలు. అతడు మమ్ము దాని భుజము ప్రక్కకు పిలిచి నిలిపెను. వెనుకనుండి రావలదనెను.

“మొదలు దానికి మీ చెయ్యి వాసన చూడనియ్యుండ్రి, సారూ. అది ముక్కుతోని అడుగుతది, ఎవరు నువ్వు అని.”

మేము చేయి చాచితిమి. వెచ్చని యూపిరి తగిలినది. ఇది యెప్పుడైన కోపగించునా యని యడిగితిమి.

“దీనికి కోపమెక్కడిది సారూ, భయమే. జనం దాన్నే కోపమంటరు.”

సోమదేవసూరి గ్రంథము పుట్టిన సీమలో ఈ మాట మాకు వినబడుటకు ఇంత కాలము పట్టెను. అతనికి చదువు రాదు. తండ్రి యొద్దనే నేర్చితిననెను. ఇంతలో వరుడు వచ్చెను. బాజాల వారు గుఱ్ఱపు తోక వెనుకనే నిలిచి పెద్దడప్పును మ్రోగింప నారంభించిరి. గుఱ్ఱము చెవులు రెండును వెనుకకు పోయినవి. చర్మము అలలవలె వణకినది. వృద్ధుడు వాని మెడపై చేయి వేసి యేదో గొణుగుచు, వెనుక గాక ముందు నడువుడని బాజాల వారిని రెండు మాఱులు బ్రతిమాలెను. ఎవ్వరును వినలేదు. మూడవమాఱు మేము చెప్పితిమి. వెంటనే ముందునకు వచ్చిరి.